ఇద్దరి పేర్ల మీద ఒకే గుండె

రెండేళ్ల కిందటి ఆగస్టు. దోహాలో ఐన్ ఖాలిద్ దాటాక ఒక ప్రైవేటు ఫుట్‌బాల్ అకాడమీ ఉంది. అందులో స్పోర్ట్స్ సైన్స్ విభాగానికి అధిపతిని నేను. ఆ విభాగంలో ఇంకో మనిషి లేడు కాబట్టి ఇది అబద్ధమేమీ కాదు. ఉన్నమాట చెప్పాలంటే పిల్లలు వేసుకునే ట్రాకర్లకు చార్జింగ్ పెట్టడం, వాటిలో పడిన లెక్కల్ని కంప్యూటర్లోకి దించడం, చెమట కంపు కొట్టే బనియన్లు ఉతికి ఆరేయడం నా పని. అంతకుముందు అల్ దోహా అల్ జదీదాలో ఒక దుకాణంలో చాలా ఏళ్లు టీవీలు, సెల్‌ఫోన్లు బాగుచేశాను. మాది జగిత్యాల. అక్కడ నన్ను ఇప్పటికీ దుబాయ్ చాచా అంటారు. దుబాయ్ నేను ఇంతవరకు చూడలేదు.

ట్రాకర్ అంటే అగ్గిపెట్టె అంత యంత్రం. ఒంటికి బిగుతుగా పట్టే నల్ల బనియన్‌కు వీపు మీద, రెండు రెక్కల నడుమ, చిన్న జేబు ఉంటుంది. యంత్రం అందులో కూర్చుంటుంది. పిల్లవాడు ఎక్కడ పరిగెత్తాడు, ఎంత వేగంగా, ఎక్కడ ఆగాడు అన్నది మ్యాపు మీద గీతలా వస్తుంది. బనియన్ లోపల ఛాతీకి ఆనుకున్న పట్టీ గుండె కొట్టుకోవడాన్ని లెక్కిస్తుంది. నడుస్తున్నంతసేపూ యంత్రం మీద ఒక ఆకుపచ్చ లైటు మిణుకుమంటూ ఉంటుంది, జేబు బట్టలో నుంచి కూడా కనిపిస్తుంది. ఒక్కో యంత్రం ఒక్కో పిల్లవాడి పేరు మీద ఉంటుంది.

అకాడమీ వ్యాపారమేమిటంటే పిల్లల్ని తయారుచేసి అమెరికా కాలేజీలకు చూపించడం. బాగా ఆడేవాడికి అక్కడ ఫీజు లేకుండా సీటు దొరుకుతుంది. కాలేజీ వయసు వచ్చేదాకా ఎవరూ ఆగరు. పద్నాలుగు పదిహేనేళ్లకే ర్యాంకింగ్ వేసి, పేరు పక్కన స్టార్లు పెట్టి పంపిస్తారు. తల్లిదండ్రులు ఆ ర్యాంకింగును జాతకం కంటే ఎక్కువ నమ్ముతారు. నేనూ నమ్మేవాణ్ణి.

ఆ బ్యాచిలో మొదటి పేరు యూసుఫ్. సూడాన్ వాళ్ల పిల్లవాడు, పుట్టింది దోహాలోనే. పదమూడేళ్లకే మీసం మొలిచి, భుజాలు వచ్చి, మిగతా పిల్లల మధ్య పెళ్లికొడుకులా ఉండేవాడు. చివరి పేరు సాజిద్. కోరుట్ల వాళ్లు. తండ్రి దుఖాన్‌లో ఆయిల్ కంపెనీ డ్యూటీ చేస్తూ శుక్రవారాలు ఇంటికి వచ్చేవాడు. సాజిద్ పొట్టి. మ్యాచిలో ఆఖరి పది నిమిషాలకు దింపేవాళ్లు. పది నిమిషాల్లో ఎవడైనా ఎంత పరిగెత్తుతాడు? అందుకని లెక్కల్లో ఎప్పుడూ అడుగునే ఉండేవాడు. అడుగున ఉన్నాడని మళ్లీ పది నిమిషాలే ఇచ్చేవాళ్లు.

ఎండాకాలం సెలవులు అయ్యాక అడుగున ఉన్న ఒకడిని తీసేస్తామని కోచ్ ముందే చెప్పాడు. ఎవడినో అందరికీ తెలుసు.

సెలవుల్లో పిల్లలు బనియన్లు ఇంటికి తీసుకుపోతారు. తెల్లవారగానే దగ్గరలో ఉన్న పార్కులో పరిగెత్తాలి. దాన్ని హోంవర్క్ రన్ అంటారు. లెక్కలు ఫోన్ ద్వారా నా కంప్యూటర్‌కు వస్తాయి. యూసుఫ్, సాజిద్‌లది ఐన్ ఖాలిద్‌లో ఒకే వీధి, ఒకే పార్కు. మొదటి వారం ఇద్దరి గీతలూ వేరువేరుగా ఉన్నాయి. తర్వాత ఒకరోజు పొద్దున యూసుఫ్ గీతను తెరిచి, దాని మీద సాజిద్ గీతను వేసి చూశాను. కింది గీత కనిపించలేదు.

వెంట్రుకవాసి తేడా లేదు. సరే, వెంట్రుకవాసి అన్నది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే. ఒక మనిషి పట్టేంత తేడా అక్కడక్కడ ఉంది, ఈ యంత్రాలకు అది మామూలే. స్నేహితులు పక్కపక్కన పరిగెత్తారేమో అనుకున్నాను. అలవాటుగా గుండె లెక్కలు కూడా తెరిచాను.

రెండు గుండెలూ ఒకేసారి ఎక్కాయి. ఒకేసారి దిగాయి. నడుమ ఎక్కడో ఒకచోట, ఏ కుక్కో అడ్డం వచ్చినట్టు, ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాయి. ఆ ఉలికిపాటు కూడా ఒకటే. కవలపిల్లలకు కూడా రెండు గుండెలు ఉంటాయి. మర్నాడు చూశాను, అంతే. ఆ మర్నాడూ అంతే. ఒక పిల్లవాడి లోపల ఇంకో పిల్లవాడు దూరి పరిగెడుతున్నట్టు ఉంది.

కోచ్ నబీల్ ట్యునీషియా మనిషి. మంచివాడే. నన్ను హజ్జీ అంటాడు, నేను హజ్‌కు పోయి రాకపోయినా. ఆయన సెలవుల్లో ఊరి నుంచే ప్రతి పిల్లవాడి లెక్క కింద నా చేత ఒక ముక్క రాయించేవాడు. ఈ వింత ఆయనకు చెప్పేముందు నా కళ్లతో చూడాలనిపించింది. తెల్లవారకముందే లేచి పార్కుకు పోయాను.

ఆగస్టు పొద్దున దోహా ఎలా ఉంటుందో ఉన్నవాళ్లకు తెలుసు. గాలిలో నీళ్లు వేలాడుతుంటాయి. కళ్లద్దాలు తుడిచిన క్షణంలోనే మళ్లీ మసకబారతాయి. ఆ రోజు పొగమంచు కూడా ఉంది. దీపస్తంభాలకు తలలు లేవు. మనిషి అలికిడి లేదు. పరుగుబాట పక్కన నిలబడితే, ముందు అడుగుల చప్పుడు వినిపించింది. ఒక్క మనిషి అడుగులే. మెత్తగా, ఆయాసం లేకుండా నన్ను దాటి పోయాయి. తిరిగి చూశాను.

పొగమంచులో రెండు ఆకుపచ్చ కళ్లు. మనిషి వీపు ఎత్తున, పక్కపక్కన, నన్నే చూస్తూ, నా నుంచి దూరంగా జరిగిపోతున్నాయి. ఏ జంతువైనా మన వైపు చూస్తూ ముందుకు వస్తుంది. ఇది చూస్తూనే వెనక్కి పోతోంది.

నేను కదల్లేదు. దేవుడి పేరు తలుచుకుని, అది చుట్టు తిరిగి వచ్చేదాకా గుండె దిటవు చేసుకుని నిలబడ్డాను. అని మా మసీదు దగ్గర చాలామందికి చెప్పాను. నిజానికి అది రెండో చుట్టు వచ్చేలోపు నేను నా కారులో ఉన్నాను. ఒక చెప్పు పార్కులోనే ఉండిపోయింది.

ఇంటికి వచ్చి, చాయ్ తాగాక బుర్ర పనిచేసింది. జిన్నూ లేదు, దయ్యమూ లేదు. ఒక్కడే పిల్లవాడు, రెండు బనియన్లు, రెండు యంత్రాలు. ఒక జేబు మీద ఇంకో జేబు కుదరక పక్కకు జరిగితే, ఆ రెండు కళ్లు రెండు లైట్లు. లోపల ఉన్నది ఎవరన్న ప్రశ్న నాకు రానేలేదు. యూసుఫ్ నంబర్ వన్. సాజిద్ ఆఖరివాడు. దోస్తును కాపాడడానికి యూసుఫ్ వాడి బనియన్ కూడా వేసుకుని పరిగెత్తుతున్నాడు. ఇంకేముంటుంది?

సెలవులు అయిపోయి కోచ్ దిగగానే ఈ మాటే చెప్పాను. ఆయనా మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. "ఖలాస్," అన్నాడు. "తీసేయాల్సిన వాడిని తీసేయడానికి కారణం కూడా దొరికింది." సాజిద్‌ను పిలిపించాడు. వాడి ఉర్దూ, కోచ్ అరబ్బీ కలవవని నన్ను మధ్యలో కూర్చోబెట్టాడు.

"ఇద్దరి లెక్కా ఒకడే పరిగెత్తిండా?" అని అడిగాను.

"అవును చాచా."

"నీ పేరు మీద కూడానా?"

"నా పేరు మీద కూడా."

"మీ అబ్బాకు ఏం చెప్తవురా? దుఖాన్ నుంచి శుక్రవారం వస్తడు కదా?"

వాడు తల వంచుకోలేదు. నన్నే చూశాడు. "చాచా, కోచ్ సాబ్‌ను ఒక్కటి అడుగు. పోయేముందు ఒక్కసారి గ్రౌండ్‌ల ఉరుకుతనని చెప్పు. అంతే."

కోచ్ గడియారం చూసుకుని సరేనన్నాడు. యూసుఫ్‌ను కూడా రమ్మన్నాడు, వాడి సాక్ష్యం కావాలని. సాయంత్రం నమాజు ముందు, ఎండ కొంచెం వాలాక, సాజిద్ సంచీలో నుంచి నల్ల బనియన్ తీసి వేసుకుని ఒంటరిగా గ్రౌండ్‌లోకి పోయాడు. గ్రౌండ్‌లో ఉన్న యంత్రం గీత అప్పటికప్పుడే నా గదిలో తెర మీద పడుతుంది. నేను తెర ముందు కూర్చున్నాను. కోచ్ నా వెనక నిలబడ్డాడు. యూసుఫ్ వచ్చి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

తెర మీద పద్దెనిమిది పేర్లు బూడిదరంగులో ఉన్నాయి. ఒకటి వెలిగింది. యూసుఫ్.

యంత్రం పొరపాటనుకుని వేలితో తట్టాను. యూసుఫ్ పేరు పక్కన గుండె లెక్క ఎక్కసాగింది. నూట పది. నూట ముప్పై. పక్కకు చూశాను. యూసుఫ్ కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు, అరచేతులు తొడల మీద పెట్టుకుని. తెర మీద అతని గుండె నూట అరవై దాటింది. కుర్చీలో ఉన్న పిల్లవాడు నెమ్మదిగా ఊపిరి తీస్తున్నాడు, అతని గుండె బయట మైదానంలో పరిగెత్తుతోంది. కిటికీలో నుంచి చూస్తే దూరంగా ఒక పొట్టి నీడ మలుపు తిరిగింది. తెర మీద యూసుఫ్ కూడా మలుపు తిరిగాడు. నా వీపు మీద కోచ్ ఊపిరి ఆగిపోవడం నాకు తెలిసింది.

ఆ ఎక్కడం, ఆ దిగడం నెల రోజులుగా నేను చూస్తున్నదే. పార్కులో పరిగెత్తిన గుండె ఇదే.

"యూసుఫ్," అన్నాడు కోచ్. "నువ్వు ఎక్కడ ఉన్నావు?"

యూసుఫ్ ముందుకు వంగాడు. ట్రాక్ ప్యాంటు కాలు పైకి మడిచాడు. మోకాలు కొబ్బరికాయలా వాచి ఉంది.

తర్వాత అంతా బయటపడింది. సెలవుల మొదట్లోనే మోకాలు పట్టేసింది. చెబితే ఆపేస్తారు, ఆపేస్తే మొదటి పేరు పోతుంది, స్టార్లు పోతాయి, కాలేజీ వాళ్లు ఇంకొకడిని చూస్తారు. "రెండు రోజులు నాది కూడా వేసుకో" అని సాజిద్‌ను బతిమాలాడు. రెండు రోజులు నెలయ్యాయి. ఇద్దరి బనియన్లూ సాజిద్ సంచీలోనే ఉండిపోయాయి. ఆ సాయంత్రం కంగారులో ఒకటి బదులు ఇంకొకటి వేసుకున్నానని సాజిద్ అన్నాడు. కంగారో కాదో నేను ఇప్పటికీ అడగలేదు.

ఒకటి మాత్రం అడిగాను. సాజిద్ చెమటతో లోపలికి వచ్చి నీళ్లు తాగుతుంటే, "నీ సీటే పోతుందిరా, వాడి కోసం ఎందుకు ఉరికినవ్? పార్కుల ఉరికింది నేనేనని పొద్దుననే చెప్పకపోతివి?" అన్నాను.

"చెప్తే నమ్ముతుంటిరా చాచా?"

వాడి చేతిలో ఖాళీ గ్లాసు అందుకున్నాను.

"కోచ్ సాబ్ లెక్క కింద రాస్తడు కదా. యూసుఫ్‌కు ఏం రాసిండో తెలుసా? మాషా అల్లా, ఎక్సలెంట్ అని. యూసుఫ్ నాకు చదివి వినిపిస్తుండె. అదే పొద్దు, అదే ఉరుకుడు, నా లెక్క కింద ఏం వచ్చిందో యాదికున్నదా?"

యాదికుంది. 'మిషన్ చెక్ చేయించు.' కోచ్ చెప్పాడు, నేను టైపు చేసి పంపాను. ఆ వారం సాజిద్ తెచ్చి ఇస్తే నిజంగానే ఆ యంత్రాన్ని విప్పి, లోపలి సోల్డరింగ్ అతుకులు చూసి, మళ్లీ బిగించాను. దానికి ఏ రోగమూ లేదు.

"మొదట్ల కోపం వచ్చింది," అన్నాడు సాజిద్. "తర్వాత మంచిగనే అనిపించింది. వాని పేరు మీదనైనా నా ఉరుకుడుకు శభాష్ అన్నరు కదా."

ఈ మాటలు కోచ్‌కు అనువదించాలి. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. మూడోసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

మోసం మోసమే అని ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి. యూసుఫ్ మోకాలికి విశ్రాంతి, వైద్యం. వాడికి మొదట ఏడుపు వచ్చింది, తర్వాత నిద్ర పట్టిందని వాళ్లమ్మ చెప్పింది. సాజిద్‌ను తీసేయలేదు. మ్యాచికి సగం ఆట ఇచ్చారు. ఆ సీజను అయ్యేసరికి ఆఖరి పేరు కాస్తా మొదటి పేరైంది. ఇలా చెబితే వినడానికి బాగుంటుంది. నిజం చెప్పాలంటే పద్దెనిమిది మందిలో తొమ్మిదో పేరైంది. అమెరికా కాలేజీ ఏదీ ఇంకా పలకరించలేదు. వాళ్లబ్బా మాత్రం శుక్రవారం మ్యాచి ఉంటే దుఖాన్ నుంచి తిన్నగా గ్రౌండ్‌కే వస్తాడు, డ్యూటీ బట్టల్లోనే.

ఈ వృత్తిలో నాకు తెలిసింది చెబుతాను. పద్నాలుగేళ్లకు వేసే ర్యాంకింగ్, ఆ రోజుకు ఎవరి ఒళ్లు ముందు ఎదిగిందో చెబుతుంది. అందులో తప్పు లేదు. తప్పు తర్వాత మొదలవుతుంది. దాన్ని చూశాక మనం పిల్లవాడిని చూడడం మానేస్తాం. ఆకుపచ్చ కళ్లకు జడుసుకుని చెప్పు వదిలి పారిపోయాను కానీ, జడుసుకోవాల్సింది వాటికి కాదు. ఇద్దరి పేర్ల మీద ఒకే గుండె నెల రోజులు నా ముందు కొట్టుకుంటే, అది ఎవరిదన్న అనుమానం నాకు ఒక్క పూట కూడా రాలేదు.

ఇప్పుడు లెక్కల్ని పేర్లు తీసేసి కోచ్‌కు పంపుతాను. అది ఆయన పెట్టిన పద్ధతే. తాను రాయాల్సింది రాశాకే పేర్లు చూస్తాడు. మొదటిసారి అలా పంపిన రోజు, పేర్లు లేని పద్దెనిమిది గుండెలు తెర మీద ఎక్కుతూ దిగుతూ ఉంటే, ఆయన కదలకుండా చాలాసేపు చూశాడు. ఒక గీత మీద వేలు పెట్టాడు.

"ఇది ఎవరు హజ్జీ?"

"ముందు చూడండి," అన్నాను.