బెంచీ మీద టవలు

హిందూపురంలో ప్యాసింజరెక్కి పెనుకొండలో దిగి, స్టేషను వెనకున్న చిన్న బడిలో పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. చుట్టుపక్కల దొరికే వస్తువులతో లెక్కలు, సైన్సు నేర్పండని మాకు శిక్షణలో ఊదరగొట్టారు. తక్కిన టీచర్లు చింతగింజలు ఏరుకున్నారు. నాకు చుట్టుపక్కల దొరికేది రైలే.

రెండు స్కేళ్లు పట్టాలు, అగ్గిపెట్టెలు బోగీలు. స్కేళ్ల ఒక కొస కింద ఒక్కో పుస్తకం పెంచుతూ బండి ఎంత దూరం పోతుందో పిల్లలే కొలిచేవాళ్లు. స్కేళ్లకు కొబ్బరినూనె రాస్తే బండి ఎందుకు ఉరుకుతుందో వాదులాడుకునేవాళ్లు. పట్టాల్లో రైలు చప్పుడు ఎట్లా పాకుతుందో తెలియడానికి కిటికీ చువ్వకు ఒకరు చెవి ఆనిస్తే, రెండో కొసన ఇంకొకరు రాయితో కొట్టేవాళ్లు. అసలు పట్టాల జోలికి పోతే వీపు చీరేస్తానని రోజూ చెప్పేదాన్ని. గది నిండా గోల, నూనె మరకలు. నాకు మాత్రం మహా సంబరం.

అంతలో మా నెత్తిన పిడుగు పడింది. మూడు, నాలుగు, ఐదు తరగతులను లైను అవతలి పెద్ద బడిలో కలిపేస్తారట. పిల్లలు రోజూ ఆ పట్టాలు దాటాలి. చదువులు చూసి నిర్ణయిస్తామని ఒక అధికారి వచ్చాడు. నేను బెంచీలను రైలుపెట్టెలా సర్ది, దేవుళ్లందరికీ మొక్కుకుని నిలబడ్డాను.

ఆయనే లెక్క ఇచ్చాడు. "ధర్మవరం పోయే బండి. ఒక పెట్టెలో ఎనభై సీట్లు. హిందూపురంలో యాభై మంది ఎక్కారు. పెనుకొండకు వచ్చేసరికి ఎన్ని సీట్లు ఖాళీ?"

ఐదో తరగతి పిల్ల ఒకతి లేచింది. "ఒగటీ ఉండదు సార్."

నేను గుడ్లురిమాను. అది నా వైపు చూస్తేగా.

"ఎక్కింది యాభై మందేనమ్మా."

"అవును సార్. మిగిలిన సీట్ల మింద టవల్లు ఉంటాయి. మనిషి ఇంగా కింద టీ తాగుతాంటాడు. టవలు కిటికీలోనుంచి ముందే ఎక్కుతాది."

"టవలు లేకుంటే చెప్పు పెడతారు సార్," అంది పక్కది. "మా మేడం రోజూ బ్యాగు ఏస్తాది."

భూమి చీలితే దూరిపోదామనుకున్నాను.

"దాన్ని తీసేసి కూర్చోవచ్చు కదా?" అన్నాడాయన.

క్లాసంతా నోరెళ్లబెట్టింది. ఐదో తరగతిదే జాలిపడి చెప్పింది. "మీరు కార్లో తిరుగుతారు కదా సార్, మీకు తెలీదులే. టవలుంటే మనిషి ఉన్నట్లే. తీస్తే కొట్లాట అయితాది."

"పిల్లలకు తీసివేతలు కూడా రావడం లేదే," అని ఆయన నా వైపు తిరిగాడు.

"వస్తాయి సార్," అంది ఆ పిల్ల. "లెక్కకు ముప్పై. కూసునేదానికి ఒగటీ లేదు."

దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఆయన మాత్రం నవ్వలేదు. నవ్వే యోగం కూడా ఉండాలి మరి. కారెక్కి పోయాడు. కొన్నాళ్లకు పెద్ద తరగతులు మూడూ అవతలికి పోవాల్సిందేనని కబురొచ్చింది.

ఆ తరగతులకు మా బడిలో ఆఖరి రోజు సాయంత్రం తాళం వేయబోతూ లోపలికి చూశాను. బెంచీల మీద టవళ్లు, రిబ్బన్లు, ఒక టిఫిన్ సంచీ, ఒంటి చెప్పు ఒకటి. ఆ చెప్పు తాలూకు పిల్ల గేటు దగ్గర ఒంటికాలి చెప్పుతో నిలబడి ఉంది. ఇంకెవరు, ఆ ఐదో తరగతిదే.

"ఏందే ఇదంతా?"

"సీట్లు పట్టినాం మేడం. మేము మళ్లీ వచ్చేదాకా ఎవుర్నీ కూసోనీయాకు."

ఐదు అయిపోయాక అది ఎటూ ఆరో తరగతికి వేరే బడికి పోవాల్సిందే. అయినా దేన్నీ కదపకుండా తాళం వేశాను.

మర్నాడే పెద్ద బడికి బెంచీలు తీసుకుపోవడానికి ఒకాయన ట్రాలీ ఆటో తెచ్చాడు. "ఖాళీ బెంచీలు ఎన్ని ఉండాయి మేడం?" అని గుమ్మంలో నిలబడి అడిగాడు.

"ఒగటీ లేదప్పా," అన్నాను.

ఆయన లోపలికి తొంగి చూశాడు. టవళ్లు చూశాడు, చెప్పు చూశాడు. రోజూ ప్యాసింజర్లో తిరిగే మనిషే. దేన్నీ ముట్టుకోకుండా ఖాళీ బండి తిప్పుకుని పోయాడు.