సుగుణక్క బోర్లించిన డబ్బ

జగిత్యాలల మూడొద్దుల సంది ముసురు పట్టింది. ఇయ్యాల పొద్దుగాల కారప్పొడి డబ్బ మూత తీసి ముక్కు కాడికి తెచ్చుకున్న. కారం వాసన చూసుటానికి కాదు. మూత లోపటి అంచుకు సన్నటి గాడి ఉంటది, డబ్బ మూతి పోయి అండ్ల కూసుంటది. గా గాడి వాసన చూస్త నేను. ఏ మూత తీసినా నాకు గిదే అలవాటు. మా బిడ్డ చూసి నవ్వుతది. "అమ్మా, అందరు డబ్బల ఏమున్నదో వాసన చూస్తరు, నువ్వు మూత వాసన చూస్తవేందే?" అంటది. ఎందుకో దానికి ఇప్పటిదాంక జెప్పలే. ముసురు పట్టిందంటె సాలు, గా గాడిలకెల్లి వాగు బురద వాసన అస్తది. లేకున్నా అస్తది.

నేను ఐదో తరగతి దాంకనే సదివిన. సంతకం తప్ప వేరే రాసుడు అలవాటు లేదు. మొన్న మా మహిళా సంఘం మేడం అన్నది, "మీకు బతుకు నేర్పినోళ్ల గురించి ఒక్కొక్కలు రాయుండ్రి, చిన్న పుస్తకం ఏద్దాం, చుట్టు ఊర్ల సంఘాలకు పంపుదాం" అని. "కోరుట్లకు గూడ పంపుతరా మేడం?" అని అడిగిన. పంపుతమన్నది. ఇంటికి అచ్చి బిడ్డ నోటుబుక్కు తీసుకొని కూసున్న. తప్పులుంటె ఏమనుకోకుండ్రి. నేను రాసేది సుగుణక్క గురించి.

మా తల్లిగారిల్లు చందుర్తి దిక్కు. లగ్గమై సిరిసిల్లకు అచ్చిన. మా ఆయిన సాంచాల మీద, అంటె కరెంటు మగ్గాల మీద పని జేస్తుండె. నేను ఇంట్ల బీడీలు జేస్తుంటి. మా వాడకట్టు చివరకు, వాగు దిక్కు, సుగుణక్క ఇల్లు. ఆమె పెనిమిటి సాంచాల కాడ దుమ్ముకు దగ్గి దగ్గి పోయిండు. ఒక్కతే బిడ్డ, మెట్‌పల్లికి ఇచ్చింది. సుగుణక్క డబ్బల మీటింగులు పెట్టి బతుకుతుండె. డబ్బల మీటింగంటె, ఎవలన్న ఒకామె ఇంట్ల పది పదిహేను మంది ఆడోళ్లను జమజేసి, చాయ్ తాగుకుంట, నవ్వుకుంట, మూత గట్టిగ పట్టే ప్లాస్టిక్ డబ్బలు చూపెట్టి అమ్ముడు. దుకాణం లేదు, బోర్డు లేదు. ఆమె నోటి మాటనే దుకాణం.

మొదటిసారి మా ఇంటికి అచ్చినప్పుడు నేను వాకిట్ల కూసొని బీడాకు కత్తిరిస్తున్న. చేతిల చిన్న డబ్బ పట్టుకొని నిలవడ్డది. "చెయ్యి పట్టు బిడ్డా" అన్నది. పడితె చిటికెడు సక్కెర ఏసింది. "రేపు మూడు గంటలకు రాజవ్వ ఇంట్ల మీటింగు, రావాలె" అన్నది. నాకు సమజ్ కాలె. మా దిక్కు ఎవలనన్న పిలువాల్నంటె బొట్టు పెట్టి పిలుస్తరు. "సక్కెర పెట్టి పిలుస్తున్నవేందక్కా?" అన్న. ఆమె నవ్వింది. "ముండమోసినదాన్ని, బొట్టు పెట్టి పిలువద్దంటరు. సక్కెర పెట్టి పిలువద్దని ఎవలన్న అన్నరానే?" అన్నది. ఆ మాటకే నేను మీటింగుకు పోయిన.

ఆ మీటింగు ఇప్పటికీ కండ్ల ముంగట్నే ఉన్నది. డబ్బ నిండ నీళ్లు పోసింది. మూత పెట్టి బొటనేలు తోటి చుట్టూ ఒత్తుకచ్చింది. "మొగడు జెప్పినట్టు ఇనడు గని, గీ మూత మాత్రం జెప్పినట్టు ఇంటది" అన్నది. అందరు పక్కున నవ్విండ్రు. ఇగ రాజవ్వను పిలిచి, "పెట్టెల దాసుకున్న మంచి చీర కట్టుకొని రా పో" అన్నది. కట్టుకొని అచ్చినంక పీట మీద కూసోపెట్టి, నీళ్ల డబ్బను ఆమె ఒడిల బోర్లించింది. "పది లెక్కపెట్టుండ్రి. ఒక్క చుక్క పడ్డా గీడున్న డబ్బలన్ని రాజవ్వకే, ఊకనే!" అన్నది. అందరం ఒకటి, రెండు అని మొత్తుకున్నం. రాజవ్వ కండ్లు మూసుకున్నది. పది అయింది. చుక్క పడలే.

ఆర్నెల్లకు నేను ఆమె ఎంబడి సంచులు మోసుటానికి పోవుడు మొదలువెట్టిన. మాట్లాడుడు, నవ్విచ్చుడు, కొననోళ్లను గూడ మర్యాద జేసి పంపుడు, అన్ని ఆమె తోటే నేర్సుకున్న. కొన్నోళ్లకు ఖాళీ డబ్బ చేతికిచ్చేది కాదు. చారెడు పుట్నాలో బియ్యమో పోసి ఇచ్చేది. ఒకసారి నేను మిడుకుతుంటి, "ఎందుకక్కా గంత దండగ?" అని. "ఖాళీ డబ్బ ఇయ్యద్దే లతా, మనసున పట్టది" అన్నది. ఇంకోసారి అడిగిన, "ఏదన్న ఒకనాడు నీళ్లు కారితె ఎట్లక్కా?" అని. ఆమె నడుసుకుంట ఆగింది. "కారితె ఇస్త. వాళ్లు ఒడి పరిచింది డబ్బకు కాదు పిల్లా, నా మాటకు" అన్నది. ఆ మాట గప్పుడు ఉత్తగనే ఇన్న.

ఆ ఏడు వానలకు వాగు మా వాడకట్టుకు అచ్చింది. తెల్లారంగ నీళ్లు గడప దాటినయ్. పిల్లల్ని సంకలేసుకొని సాంచాల కార్ఖాన మిద్దె ఎక్కినం. ఆడికెల్లి చూస్తుంటె సుగుణక్క ఇంట్లకెల్లి ఆమె డబ్బలు ఒక్కటొక్కటే బయటకు అస్తున్నయ్. ఎర్రయి, పచ్చయి, నీలివి. మూతలు ఓ దిక్కు, డబ్బలు ఓ దిక్కు. పిల్లలు చప్పట్లు గొట్టిండ్రు. సుగుణక్క గూడ నవ్వింది. "సూసినవా లతా, ఇన్నొద్దులు నేను ఇల్లిల్లు తిరిగి అమ్మిన, ఇప్పుడు అవే తిరుగుతున్నయ్" అన్నది. నవ్వుకుంటనే కొంగు నోట్ల కుక్కుకున్నది.

నీళ్లు తీసినంక చెట్ల కొమ్మలల్ల, మోరీలల్ల దేవులాడి డబ్బలు ఏరినం. సబ్బుతోటి, సోడాతోటి మూడొద్దులు కడిగినం. కొత్తయి ఎట్లుంటయో గట్లనే అయినయ్. ఇగ అమ్ముదామన్న. సుగుణక్క ఒప్పలే. "మోరీ నీళ్లల్ల మునిగినయ్. తెలిసి తెలిసి మంది తిండి అండ్ల పోపియ్యనా?" అన్నది. వాటిని పసుపుపచ్చ సంచిల ఏసింది. అటక మీద ఉండి తడవని డబ్బలు ఓ ఇరవై ఉండె, అవి తెల్ల సంచిల ఏసింది. "పచ్చ సంచియి వాడకట్టోళ్లకు ఇద్దాం, మునిగినయని జెప్పే ఇద్దాం, బట్టలో సామానో పెట్టుకుంటరు" అన్నది. "మరి ఈడ మీటింగులు?" అన్న. "ఇల్లు మునిగినోళ్ల ఇంట్ల మీటింగు పెట్టద్దు. కొనకుంటె సిగ్గుపడతరు, కొంటె ఏడుస్తరు. కోరుట్లకు పోదాం, బతుకమ్మ పండుగ అస్తుంది" అన్నది.

ఇగ నేను జేసింది రాయాలె. చెయ్యి ఆగుతుంది.

కోరుట్లకు పోయే నాడు సంచులు సదిరింది నేను. తెల్ల సంచి సగం గూడ నిండలే. గోడల మీద నడుం ఎత్తు దాంక బురద గీత ఉన్న ఇంట్ల నిలవడి చూస్తున్న. అక్క మస్తు మంచిది, గని మంచితనంతోటి ఇల్లు నిలవడదు అనిపించింది. నాకే ఎక్కువ తెలివి ఉన్నదనుకున్న. పచ్చ సంచిలకెల్లి ఎనిమిది డబ్బలు, తళతళ మెరిసేటియి ఏరి, తెల్ల సంచిల కలిపిన. ఆమె పక్క గదిల చీర కట్టుకుంటున్నది.

కోరుట్లల ఆ రోజు రెండు మీటింగులు. పొద్దటి మీటింగుల అక్క తడవని డబ్బనే బోర్లించింది. నేను కలిపినయి ఏడు పోయినయ్. చూసినవా, ఎవలన్న గుర్తువట్టిండ్రా అని లోపట మురిసిపోయిన. పగటీలి మీటింగు పద్మక్క ఇంట్ల, పసుపు యాపారం జేసేటోళ్లు. వాకిలి నిండ ఆడోళ్లు. పద్మక్క పండుగకని తెచ్చుకున్న కొత్త పట్టుచీర కట్టుకొని అచ్చి పీట మీద కూసున్నది. సుగుణక్క సంచిల చెయ్యి పెట్టి ఒక డబ్బ తీసింది. ఎనిమిదో డబ్బ అదే. అక్కా అది కాదు, ఇంకోటి అనాలె. అనలే. మంచిగనే కడిగిన గదా, ఏం కాదనుకున్న.

నీళ్లు పోసింది. మూత ఒత్తింది. మొగడు ఇనని మాట జెప్పింది, అందరు నవ్విండ్రు. బోర్లించింది. ఒకటి, రెండు, మూడు. నాలుగు అనే వరకు పద్మక్క "అయ్యో" అన్నది. చీర మీద చుక్క పడ్డది. తెల్లటి చుక్క కాదు, ఎర్రటిది. దాని ఎనుక సన్నటి ధార. మూత గాడిల దాగిన బురద నీళ్లకు నాని కారుతున్నది.

పద్మక్క అత్త లేచి అచ్చి మూత చేతిలకు తీసుకొని వాసన చూసింది. "గిది వాగు వాసన గాదే? సిరిసిల్లల కొట్టుకపోయిన డబ్బలు తెచ్చి మా నెత్తికి రుద్దుతున్నవా? ఇల్లు మునిగిందంటె అయ్యో పాపమనుకున్నం. బుద్ధి గూడ మునిగిందా?" అన్నది.

సుగుణక్క మూత తీసుకొని గాడిల గోరు పెట్టి గీసింది. గోట్ల బురద అచ్చింది. గప్పుడు తలకాయ ఎత్తి నన్ను చూసింది. ఒక్కసారే. నేను చాయ్ కప్పులు ఏరుతున్నట్టు తలకాయ వంచుకున్న.

"తప్పు నాదే అవ్వా" అన్నది. "సంచులు కలిపింది నేనే." ఇగ తెల్ల సంచి ఎత్తి పద్మక్క ముంగట కుమ్మరించింది. "చుక్క పడితె అన్ని నీకే అన్న గదా బిడ్డా. గివి తడవనియి. ఒక్కొక్క మూత చూసి పెట్టుకో." మాకద్దు నీ డబ్బలు అని అత్త మొత్తుకుంటనే ఉన్నది. సుగుణక్క ఉత్త సంచి మడత పెట్టి సంకల పెట్టుకొని, కారిన డబ్బ చేతిల పట్టుకొని గడప దిగింది. ఆమెకు మిగిలిన యాపారం అంతా ఆ డబ్బలే.

బస్సుల కిటికీ పక్కకు కూసున్నది. రుద్రంగి దాటినంక అడిగింది. "ఎన్ని కలిపినవు?"

"ఎనిమిది."

"ఏడు పొద్దటి మీటింగుల పోయినయా?"

"ఊ."

"రేపు పోయి అడిగి తెద్దాం. అండ్ల ఎవలన్న పిల్లలకు తినేటియి పెడతరు. నువ్వు రా నాతోటి."

అంతే. తిట్టలే. తిడితె బాగుండు. తెల్లారి నేను పోలే. బిడ్డకు జరమున్నదని పక్కింటామెతోటి చెప్పంపిన. బిడ్డకు ఏ జరం లేదు, వాకిట్ల ఆడుకుంటున్నది. సుగుణక్క ఒక్కతే పోయి, ఇల్లిల్లు తిరిగి, గీ డబ్బలు వరదలయి అని తన నోటితోటి జెప్పి, పైసలు మల్ల ఇచ్చి ఏడు డబ్బలు ఎనుకకు తెచ్చింది. ఆ మాట కోరుట్ల దాటి మెట్‌పల్లి దాంక పోయింది. పండుగకు ఎవలు పిలువలే. పండుగ తరువాత గూడ పిలువలే. ఆమె లంగలు కుట్టుడుకు కూసున్నది. సక్కెర డబ్బ పట్టుకొని ఎవల వాకిట్లకు పోంగ మల్ల నేను చూడలే.

మా ఆయినకు జగిత్యాలల పని దొరికి మేం ఈడికి అచ్చినం. సిగ్గులేనిదాన్ని, నేను ఆమె నేర్పిన పనే మొదలువెట్టిన. ఆమె మాటలే మాట్లాడుత, ఆమె నవ్విచ్చినట్టే నవ్విస్త. రెండేండ్లయినంక ఒకసారి ధైర్యం జేసి చూడబోయిన. కుట్టుమిషన్ కాడ ఉన్నది, కండ్లద్దాలు అచ్చినయ్. "అక్కా, ఆనాడు" అని మొదలువెట్టిన. "చాయ్ తాగు, సల్లారుతది" అన్నది. లేచేటప్పుడు ఒక డబ్బ నిండ పుట్నాలు పోసి చేతిల పెట్టింది. చూస్తె గదే డబ్బ, ఎనిమిదోది. మూత తిప్పి గాడి చూపెట్టింది, తెల్లగ ఉన్నది. "గాడిలకు గుడ్డ పోదే లతా. చీపురు పుల్లకు సన్నగుడ్డ సుట్టి తీయాలె, ఉడుకు నీళ్లల్ల ఎయ్యాలె. ఆనాడు నన్ను అడిగితె జెప్పకపోదునా?" అన్నది. దర్వాజ కాడ నిలవడి ఏడ్చిన. ఆమె మల్ల మిషన్ తొక్కుకుంట కూసున్నది.

పోయిన యాసంగికి సుగుణక్క కాలం జేసింది. మట్టికి పోయిన. ఆడ ఒకామె అంటున్నది, "మంచి మనిషే గని, ఆఖరికి వరద డబ్బలు అమ్మి పేరు పాడుజేసుకున్నది." నేను పక్కనే ఉన్న. గప్పుడు గూడ నా నోరు లేవలే.

రేపు మా గల్లీల మీటింగు ఉన్నది. ఇప్పుడు గూడ పుల్ల పట్టుకొని ఒక్కొక్క గాడి తీసుకుంట ఇది రాస్తున్న. నీళ్ల డబ్బ నేను ఎవల ఒడిల బోర్లియ్య. నా ఒడిలనే బోర్లించుకుంట. పది లెక్కపెట్టేదాంక ప్రతిసారి భయమే.

పద్మక్కా, గీ పుస్తకం మీ సంఘానికి అస్తదట. నీ చేతిలకు అస్తె మీ అత్తకు గూడ సదివి ఇనిపియ్యి. ఆనాడు సంచులు కలిపింది సుగుణక్క కాదు. ఆమె ఎనుక కప్పులు ఏరుకుంట తలకాయ వంచుకున్న పిల్ల ఉండె గదా, అది నేను. లత. నీ పట్టుచీర మీద పడ్డ మరక నాది.