ఆరోది పడే వేళ

వీధిలో అందరికీ ఆయన ఛేంజరు బాబాయి. రికార్డులు వాటంతటవే మార్చుకునే పాత ప్లేయర్లు బాగుచేయడం తప్ప ఆయనకు మరో పని రాదు, నేర్చుకోనూ లేదు. నలభై ఏళ్ళుగా వాటి మీదకు వంగీ వంగీ నడుం పడిపోయింది. ఇప్పుడు అలాంటి ప్లేయర్లున్నది ఏ నలుగురికో. ఆ నలుగురే చాలు, ప్రాణం తోడేస్తారు.

ఇంట్లోనూ అదే సరుకు. మంచం పట్టిన పిన్ని తల దగ్గర, బల్లమీద ఒక ఛేంజరు. పొద్దున పదింటికి నిలువు కడ్డీకి ఒక్కోటి ఇరవై నిమిషాలు పాడే ఆరు రికార్డులు తగిలించి, మీట నొక్కి, బాబాయి పక్క వీధిలోని కొట్టుకు వెళ్తాడు. ఒకటి అయిపోగానే ముల్లున్న చెయ్యి పక్కకు తప్పుకుంటుంది, పైనున్నది టప్పున పడుతుంది, చెయ్యి మళ్ళీ వచ్చి వాలుతుంది. ఆరోది అయ్యాక దానంతటదే ఆగిపోతుంది. అప్పటికి పన్నెండు. ఆయన వచ్చి అన్నం పెట్టి, పేర్పు మొత్తం తిరగేసి తగిలించి మళ్ళీ వెళ్తాడు. పిన్నికి కాళ్ళు లేవవు, చూపు ఆనదు. పాటలైనా వింటుందిలే అని ఈ ఏర్పాటు. తీరా చూస్తే రెండో పాటకే కళ్ళు మూసేస్తుంది.

డ్రిల్లు మాస్టారు మూడు వారాలుగా కొట్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన ప్లేయర్లో పళ్ళేన్ని తిప్పే రబ్బరు చక్రం రాయిలా గట్టిపడింది. అలాంటిది ఎక్కడ గాలించినా దొరకలేదు.

"ఇవాళ, రేపు అంటూ తిప్పుతున్నావేంటయ్యా? చేతకాకపోతే చెప్పు!" అన్నాడు మాస్టారు, వీధంతా వినేలా.

చేతకాదా! నలభై ఏళ్ళలో ఆ మాట అనిపించుకున్నాడా? మర్నాడు పొద్దున్నే, పిన్ని నిద్రలో ఉండగా, ఇంటి ఛేంజరు విప్పి అందులో చక్రం పీకేశాడు. పాపిష్టి పనేనని తెలుసు. నాలుగు రోజుల్లో ఎక్కడో ఇంకోటి దొరక్కపోదులే, నిద్రపోయే మనిషికి పాటెందుకు అని సర్దిచెప్పుకున్నాడు. అలవాటు కొద్దీ ఆరు రికార్డులూ తగిలించాడు. ఆమెకు మాత్రం ఏమీ చెప్పలేదు. చెబితే సవాలక్ష అడుగుతుంది, జవాబులిచ్చే ఓపిక ఆయనకు లేదు.

చక్రం మాస్టారి ప్లేయర్లో అతికినట్టు సరిపోయింది. "పనంటే నీదేనయ్యా!" అని ఆయన పొంగిపోయాడు. బాబాయి ఠంచనుగా పన్నెండింటికి ఇల్లు చేరాడు.

పిన్ని సగం మంచం దిగి, కోడు పట్టుకుని వేలాడుతోంది. మొహమంతా చెమట, కన్నీళ్ళు.

"అయ్యయ్యో, ఏమైందే?"

"వచ్చారా? ఎంత పొద్దయింది? పిలిచీ పిలిచీ గొంతు పోయింది."

"పన్నెండేనే. రోజూ వచ్చే వేళకే వచ్చాను."

"నాకెలా తెలుస్తుంది? పాటెవరు విన్నారు, నా మొహం! పడేవి లెక్కపెట్టుకుంటా. ఆరోది పడిందంటే ఇక మీరొచ్చే వేళే. ఇవాళ ఒక్కటీ పడలేదు. మీకేదో అయింది, ఇక రారు అనుకున్నా."

బాబాయి ఆమెను ఎత్తి పడుకోబెట్టి, మొహం తుడిచాడు.

"చక్రం నేనే పీకానే. మాస్టారికిచ్చాను."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది.

"చెప్పి వెళ్ళొచ్చుగా," అంది.

"ఇప్పుడే వెళ్ళి వెనక్కి తెచ్చేస్తాను," అని లేవబోయాడు. చొక్కా అంచు ఆమె పిడికిట్లో ఉంది.

"ఎంతసేపట్లో వస్తారు?"

గంట అని చెప్పొచ్చు. ఆ గంటను ఆమె దేంతో లెక్కపెట్టుకోవాలి?

ఆ మధ్యాహ్నం కొట్టు తెరవలేదు. ఆమె నిజంగానే నిద్రపోయింది. పిడికిలి మాత్రం వదల్లేదు. విడిపించుకోవడానికి ఆయనకు చేతులు రాలేదు.