పిడి మీద పంటి గాట్లు

చెవులు పూర్తిగా పోయాక కూడా మా పెదనాన్న తన పాత కారును మొఘల్‌పురా ఇంటి ముందు తానే బాగుచేసుకునేవాడు. నడుస్తున్న ఇంజిన్‌కు పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, చెక్క పిడిని పళ్ళతో కరిచి పట్టేవాడు. ఏ భాగం అరిగిందో ఆ అదురే ఆయనకు చెప్పేది.

"వినపడనోనివి, ఇంకేం రిపేరు బాపూ? తుక్కుకు ఇచ్చెయ్," అని పాత ఇనుము కొనే భాయ్ ఒకసారి అరిచాడు.

పెదనాన్న అతని పెదవులు చూసి, పిడి నోట్లోంచి తీశాడు. "వాటర్ పంపు బేరింగు పోయింది. నీకు చెవులున్నయ్ గదా, వినవడ్డదా?"

విప్పి చూస్తే బేరింగు నిజంగానే అరిగిపోయింది.

పెదనాన్న చనిపోయిన పదకొండో రోజే ఆ భాయ్ మళ్ళీ వచ్చాడు. "ఇప్పుడు దీన్ని ఎవరు చూస్తరన్నా?"

నేను ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆయన పంటి గాట్లున్న పిడిని కరిచాను. నాకేమీ అర్థం కాలేదు. అయినా పిడి తీయకుండానే, కారు అమ్మనని తల అడ్డంగా ఊపాను.