శోభారాణి టీచర్ దిద్దుకున్న రిటర్ను

శోభారాణి తెనాలిలో ఉంటుంది. రేపల్లెలోని ఒక ఎయిడెడ్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. పొద్దున్నే రేపల్లె బండి ఎక్కి సాయంత్రానికి ఇల్లు చేరడం ఆమెకు ఇరవై ఏళ్లుగా అలవాటు. భర్త జ్ఞానానందం కిడ్నీలు పాడై, చివరి ఏడాదంతా గుంటూరు ఆసుపత్రికీ ఇంటికీ మధ్య తిరిగి తిరిగి కన్నుమూశాడు.

ఆయన ఉన్నంతకాలం ఇద్దరి ఆదాయపు పన్ను రిటర్నులూ ఆయనే వేసేవాడు. పన్నుశాఖ సైటులో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను లాప్‌టాప్‌లోకి దించుకుని, జూలైలో ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే కూర్చునేవాడు. “నువ్వూ చూడు, పెద్ద కష్టమేం కాదు” అంటే, “మీరున్నారుగా” అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆయన పోయాక ఆ పని శాలేమురాజు చేతికి వెళ్లింది. అతను జ్ఞానానందానికి చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ తెనాలి చర్చి క్వయర్‌లో పక్కపక్కనే నిలబడి పాడుతూ పెరిగారు. బాపట్లలో జనానికి పన్ను రిటర్నులు వేసిపెట్టే ఆఫీసు నడుపుతూ కూడా, డయాలసిస్ రోజుల్లో ఎన్నోసార్లు ఆసుపత్రి బెంచీమీద పడుకున్నాడు. సమాధుల తోటకు పెట్టె మోసిన వాళ్లలో ముందున్నది అతనే. అన్నదమ్ములు లేని శోభారాణి నోరారా “అన్నయ్యా” అని పిలిచింది అతన్నొక్కడినే. భర్త కుర్రతనపు కబుర్లు చెప్పడానికీ ఆమెకు మిగిలింది అతనే. బ్యాంకు పనులనీ ఇన్సూరెన్స్ అనీ అతను అడిగిన కాగితమల్లా ఇచ్చింది. అందులో జ్ఞానానందం ఆధార్ కార్డు కూడా ఉంది.

మొదటి ఏడాది రిటర్ను మామూలుగానే జరిగింది. రెండో ఏడాది సెప్టెంబరులో ఆమె ఖాతాలో అనుకోని రిఫండు పడింది.

“ఇంతెలా వచ్చింది అన్నయ్యా?”

“మీ స్కూలు వాళ్లు జీతంలో ఎక్కువ కోసేశారు చెల్లెమ్మా. మనకి రావాల్సిందే వచ్చింది. అందులో దశమభాగం నాకిచ్చెయ్, చాలు.”

అడిగినంతా ఇచ్చింది. మిగిలిన దాంతో భర్త సమాధికి నల్లరాతి పలక చేయించింది.

డిసెంబరులో స్టాఫ్‌రూమ్‌లో లెక్కల టీచర్ అన్నమ్మ కంగారుగా ఫోను చూపించింది. రిటర్నులో అనుమానాలున్నాయనీ, నెలాఖరులోగా సరిదిద్దుకోమనీ పన్నుశాఖ నుంచి మెసేజీ వచ్చింది. అన్నమ్మ రిటర్ను కూడా శాలేమురాజే వేశాడు.

“నీకేమీ రాలేదా శోభా?”

రాలేదు. ఫోన్ చేస్తే అతను తేలిగ్గా నవ్వేశాడు. “అవి అందరికీ వచ్చేవే చెల్లెమ్మా. నేనున్నాగా!”

ఆ మాట విన్నాక కూడా ఆమె మనసు కుదుటపడలేదు. ఇంటికెళ్లి లాప్‌టాప్ తీసింది. పన్నుశాఖ సైటులో తన ఖాతా పాస్‌వర్డ్ తెలియదు. ఆధార్ నంబరు మీద ఓటీపీ తెప్పించుకుని కొత్తది పెట్టుకుంది. లోపలికి వెళ్తే తన ఫోన్ నంబరు ఉండాల్సిన చోట శాలేమురాజు నంబరు ఉంది. ఈమెయిలూ అతనిదే. తనకు రావలసిన మెసేజీలు అతనికే వెళ్తున్నాయి.

రిటర్ను తెరిచి ఒక్కో పేజీ చదువుకుంటూ వచ్చింది. తీవ్ర వైకల్యంతో తనపై ఆధారపడిన కుటుంబసభ్యుడి పోషణకని మినహాయింపు కోరినట్టుంది. ఎవరా సభ్యుడు? భర్త. కింద జ్ఞానానందం ఆధార్ నంబరు. చనిపోయి ఏడాది దాటిన మనిషి ఆ కాగితంలో ఇంకా మంచాన పడి ఉన్నాడు, ఆమె సేవ చేస్తూనే ఉంది.

ఆ రిఫండు డబ్బుతోనే సమాధికి పలక వేయించానని శోభారాణికి గుర్తొచ్చింది.

మర్నాడు సెలవు పెట్టి బాపట్ల వెళ్లింది. శాలేమురాజు కుర్చీ జరిపి, టీ చెప్పబోయాడు.

“టీ వద్దు. మా ఆయన బతికున్నట్టు రాశారేంటి?”

అతను తలుపు దగ్గరికి వేశాడు. “నెమ్మదిగా మాట్లాడమ్మా. ఏదో ఒక కారణం చూపించకపోతే రిఫండు రాదు. అందరికీ ఇలాగే వేస్తాం.”

“పెట్టె మోసింది మీరే కదా అన్నయ్యా!”

“ఒంటరిదానివి, నాలుగు డబ్బులొస్తాయని చేశాను. వాడుంటే ఏమీ అనేవాడు కాదు.”

“ఆయనే ఉంటే మీ చేతికి ఈ పని వచ్చేదే కాదు.”

అతని ముఖం మారిపోయింది. “సరే, ఎవరికైనా చెప్పుకో. అందులో నా పేరెక్కడా లేదు. రిటర్ను నీది, ఓటీపీ చెప్పింది నువ్వు.”

అది నిజమే. రిటర్ను వేసిన రోజు ఫోన్‌లో అతను అడగ్గానే, అంకెలు చదివి చెప్పింది తనే. లేచి వచ్చేసింది. బస్టాండు దాకా నడిచాక ఏడుపొచ్చింది.

ఆ శనివారం భర్త వాడిన సాఫ్ట్‌వేర్ కొత్తది దించుకుంది. స్కూలు ఇచ్చిన ఫారం-16 పక్కన పెట్టుకుని మొదలుపెట్టింది. జీతం, కోసిన పన్ను వివరాలు చాలావరకు వాటంతటవే వచ్చాయి. తప్పు కొట్టినచోట ఎర్రగా చూపించింది, దిద్దుకుంది. వైకల్యం పేజీకి వచ్చాక మాత్రం ఆగింది. ఆ ఆధార్ నంబరును తన చేత్తోనే తీసేయాలి. కాసేపు లేచి పెరట్లో తిరిగి, వచ్చి తీసేసింది. రిఫండు మొత్తం వడ్డీతో తిరిగి కట్టమని లెక్క తేలింది. స్కూలు సొసైటీలో లోను పెట్టి కట్టి, సవరించిన రిటర్ను పంపింది. సైటులో అతని ఫోన్ నంబరూ ఈమెయిలూ తీసేసి తనవి పెట్టుకుంది.

తర్వాతి శనివారం అన్నమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుని తనదీ చేసుకుంది. మిగతా టీచర్లలో కొందరు శాలేమురాజునే నమ్మారు. చర్చిలో పాస్టరుగారు “శాలేమురాజును క్షమించమ్మా” అన్నారు. దేనికని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆదివారాలు రేపల్లె చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది.

జూన్‌లో బడి తెరిచిన వారం, తెనాలి స్టేషన్లో శాలేమురాజు ఎదురయ్యాడు.

“కోపం పోయిందా చెల్లెమ్మా?”

“కోపమేం లేదండి, శాలేమురాజు గారూ.”

ఆ పిలుపు విని అతను పక్కకు తప్పుకున్నాడు. శోభారాణి బండెక్కి, ప్లాట్‌ఫారం కనిపించని అటువైపు కిటికీ దగ్గర కూర్చుంది.