భయ్యా తమ్ముడి షిఫ్టు

నిన్న పొద్దున మా గని నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. వచ్చే నెల నుంచి షిఫ్టులు తిరిగే వరుస మారుతుందట. ఇన్నాళ్ళూ మాకు మొదటి షిఫ్టు వారం అయిపోతే రెండో షిఫ్టు, ఆ తర్వాత రాత్రి షిఫ్టు. ఇకమీదట మొదటి షిఫ్టు నుంచి నేరుగా రాత్రికి పోవాలి, రెండోది ఆ తర్వాత. కుర్రవాళ్ళు అది చదువుకుని, సినిమాకు ఏ వారం కుదురుతుందో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఇలాంటి వరుసే ఉన్న గని ఒకటి ఉత్తరాదిన ఉండేది. ఆ సంగతి తెలియక అరవైల నడుమ ఒక ఎండాకాలంలో నేనొక లెక్క చెప్పాను.

నా చదువు రెండో తరగతి. లెక్కలు ల్యాంప్ రూములో నాకు నేనే నేర్చుకున్నాను. గనిలోకి దిగే ప్రతి మనిషికీ తలకు పెట్టుకునే లైటు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకోవడం నా పని. ఒక్క లైటు తక్కువ వచ్చిందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. ఆ భయంతో మొదలైన లెక్క చివరికి అలవాటుగా మారింది. స్టేషన్‌లో గూడ్సు బండి పోతుంటే డబ్బాలు లెక్కపెట్టేవాణ్ణి. ఎవరింటి పెళ్ళికి ఎన్ని కుంచాల బియ్యం కావాలో, ఎవరి బర్రె ఏ వారంలో ఈనుతుందో నన్నే అడిగేవారు. బర్రెలు కూడా నా మాట విని ఈనినట్టు కనబడేవి. ఆ పేరు నాకు కొంచెం తలకెక్కిందనే చెప్పాలి.

అప్పట్లో మా గని కొత్త. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఒక జట్టు, పాత గనుల నుంచి బదిలీ అయి వచ్చినవాళ్ళు ఒక జట్టు. రెండు యూనియన్లు, రెండు జెండాలు. గేటు ఎదురుగా చాచా హోటల్లో కూడా ఎవరి బెంచీలు వాళ్ళవే. ఈ రెండింటికీ చెందకుండా గుమ్మం బయట నిలబడి చాయ తాగేవాడు బీహారు నుంచి వచ్చిన ఒకతను. అందరికీ భయ్యా. బొగ్గు నింపే పనిలో మా చెల్లెలి మొగుడి పక్కన ఉండేవాడు. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం; మా బావకు నోరు ఎక్కువ. భయ్యా తెలుగంతా ఆ నోటినుంచే నేర్చుకున్నాడు కాబట్టి అతనికి వచ్చినవి చాలావరకు తిట్లే. వాటిని ఎంతో మర్యాదగా, చేతులు కట్టుకుని పలికేవాడు. పని చూసే ఓవర్‌మన్ దొరను కూడా ఒకసారి అలాగే పలకరించాడు.

ఆ ఎండాకాలంలోనే ఒక రోజు చాచా రేడియోలో వార్త వచ్చింది. ఉత్తరాదిన ఒక బొగ్గు గనిలో రాత్రి షిఫ్టు వాళ్ళు లోపల ఉండగా పేలుడు జరిగిందట. చనిపోయినవాళ్ళు వందల్లో ఉంటారన్నారు, పేర్లు చెప్పలేదు. రెండు జట్ల వాళ్ళూ బెంచీలు వదిలి రేడియో చుట్టూ చేరారు. ఆ సాయంత్రమే రెండు యూనియన్ల జెండాలూ ఒకే వెదురుకు, సగం దించి కట్టారు. అలా ఎవరు కట్టమన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

భయ్యా తమ్ముడు పనిచేసేది ఆ గనిలోనే. పెళ్ళి కానివాడు. తండ్రి లేడు కనుక, వాడికి ఏమైనా అయితే కర్మ చెయ్యాల్సింది భయ్యానే. మర్నాడు రేకుపెట్టె సర్దుకుని ల్యాంప్ రూము కిటికీ దగ్గరికి వచ్చాడు. తమ్ముడి చివరి ఉత్తరం చేతిలో ఉంది.

"అన్నా, జెర హిసాబ్ చూడు. పోవాల్నా, ఉండాల్నా?"

చాచా మునుపు రైల్వేలో పనిచేశాడు, హిందీ చదువుతాడు. ఆ ఉత్తరం చదివించాను. ఈ వారం మొదటి షిఫ్టు అని తమ్ముడు రాయించాడు. తేదీ చూశాను. ఉత్తరానికీ పేలుడుకూ మధ్య ఒక్క సోమవారమే గడిచింది. అంటే షిఫ్టు ఒక్కసారే మారింది. మొదటి షిఫ్టు తర్వాత రెండోది. పేలింది రాత్రి షిఫ్టులో.

"నీ తమ్ముడు ఆ రాత్రి ఇంట్ల పండుకున్నడు భయ్యా. ఫికర్ చెయ్యకు," అన్నాను.

మా బావ పెట్టె లాక్కున్నాడు. "మా బావ లెక్క తప్పుతదారా? గని తెరిచినకాడికెల్లి ఒక్క లైటు తక్కువ రాలే. నడువ్, డ్యూటీకి టైమైతాంది."

భయ్యా ఏడుస్తూ నవ్వి, బావను తనకు వచ్చిన మంచి తిట్టు ఒకటి తిట్టి డ్యూటీకి పోయాడు. అప్పటినుంచి అతన్ని ఎవరూ గుమ్మం బయట నిలబడనివ్వలేదు. ఒకరి ఇంటినుంచి జొన్నరొట్టె వచ్చేది, ఇంకొకరి ఇంటినుంచి పప్పు. పాత గనుల జట్టు పెద్దమనిషి తన బెంచీ మీద జరిగి చోటిచ్చాడు. "తమ్మునికి పిల్లను మేమే చూస్తం," అని బావ ఊరించేవాడు. భయ్యా సిగ్గుపడేవాడు, తన తమ్ముడి ఎత్తు చెయ్యి పైకి లేపి చూపించేవాడు.

పేలుడు జరిగిన ఎనిమిదో రోజున భయ్యాకు ఊరి నుంచి పోస్టు కార్డు వచ్చింది. దాని మూల ఒకటి చింపి ఉంది. దారిలో నలిగి చినిగిందనుకుని నేనే తెచ్చి ఇచ్చాను. చావు కబురు రాసే కార్డును వాళ్ళ వైపు అలా చింపుతారట. భయ్యా దాన్ని చదివించుకోలేదు. ఆ మూలను వేలితో తడిమి, హోటల్ ముందు నేల మీద కూర్చున్నాడు. తర్వాత చాచా చదివాడు. మొదటి షిఫ్టు అయిపోయి, ఎప్పటిలాగే తమ్ముడు ఆ సోమవారం రాత్రి డ్యూటీలోకి మారాడని అందులో ఉంది.

కూడికలో తప్పు లేదు. అక్కడి వరుస ఏమిటని ఒక్కమాట అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. లోకంలోని గనులన్నీ మా గనిలాగే తిరుగుతాయనుకున్నాను. రైలుకు మూడు రోజులు పడుతుంది, వాళ్ళకు పదో రోజున కర్మ. వార్త విన్న రెండో రోజునే బయలుదేరి ఉంటే అందుకునేవాడు. ఇప్పుడు పోతే పదకొండో రోజు అవుతుంది.

పదో రోజున గోదావరి ఒడ్డుకు పోయాం. ఎండాకాలం నీళ్ళు సన్నగా, దూరంగా పారుతున్నాయి. ఇసుక కాలుతోంది. ఇద్దరు ముగ్గురు వస్తారనుకుంటే, రెండు జెండాల వాళ్ళూ వచ్చారు. భయ్యా తల గీయించుకున్నాక మంగలి ముందు మా బావ కూర్చున్నాడు.

"మీ నాయిన బతికుండంగ గుండేందిరా? అరిష్టం," అని పెద్దమనిషి గద్దించాడు.

"మా నాయినకు నేను చెప్పుకుంట. నువ్వు గియ్యవయ్యా," అన్నాడు బావ మంగలితో.

అతని వెనుక ఆ బొగ్గు నింపే జట్టంతా వరుసగా కూర్చుంది. మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది కనుక నాకు ఏ అడ్డూ లేదు. అయినా ఆ వరుసలో కూర్చునే మొహం నాకు లేక దూరంగా నిలబడ్డాను. భయ్యానే లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ హిసాబ్ మీ గనిది అన్నా. మా గనిది వేరే. రా, కూసో."

అంతకుమించి ఆ విషయం అతను ఎప్పుడూ ఎత్తలేదు. రెండేళ్ళ తర్వాత వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. అప్పుడు అతని తెలుగులో తిట్లు కాని మాటలు కూడా చాలా ఉన్నాయి. ఒకే వెదురుకు కట్టిన జెండాలు మాత్రం అంతకుముందే విడిపోయాయి.

నేను లెక్క చెప్పిన రోజు నుంచి కార్డు వచ్చిన రోజు దాకా ఆరు రోజులు. చనిపోయిన ఆ కుర్రవాడు ఆ ఆరు రోజులూ మా మధ్య బతికే ఉన్నాడు. వాడికి పిల్లను చూశాం, వాడి ఎత్తు చెప్పుకున్నాం. ఆ ఆరు రోజులు నేను భయ్యాకు ఇచ్చానో, భయ్యా నుంచి తీసుకున్నానో ఇన్నేళ్ళ తర్వాత కూడా తేల్చలేకపోతున్నాను.