వేళ్లతో తిప్పని ప్లగ్గు

ఇవాళ గేటుకి గ్రీజు రాస్తుంటే, ఆ వాసనకి అనకాపల్లిలో మా పాత ఇల్లు కళ్లముందుకొచ్చింది. మీకూ గుర్తుందా, రెండువేల తొలి ఏళ్లలో వీధిలో ఎవరైనా కారు బానెట్ ఎత్తితే చాలు, పిల్లలందరం చుట్టూ మూగేవాళ్లం?

స్పార్క్ ప్లగ్గుని ముందు వేళ్లతోనే తిప్పాలి, చివర్లోనే పానా పెట్టాలి; లేకపోతే అడ్డంగా ఎక్కి మరలు చెడతాయి. నాన్న ఎప్పుడూ అలాగే చేసేవారు. అప్పుడు నేను పదేళ్లదాన్ని. ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఆయన మా కారు ప్లగ్గులు ఊడదీసి తుడుస్తూ మధ్యలో లోపలికెళ్లినప్పుడు, ఓ ప్లగ్గుని నేరుగా పానాతో బిగించేశాను. ఇంజన్ హెడ్‌లో ఆ ప్లగ్గు దిగే కన్నం మరలు చితికిపోయాయి. మర్నాడే అమ్మని ఆ కారులో ఆపరేషన్‌కి విశాఖ తీసుకెళ్లాలి.

నాన్న వచ్చి ప్లగ్గు ఊడదీసి చూశారు. మరలు కోసే ట్యాపుకి గ్రీజు పూసి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పారు. అల్యూమినియం రజను ఇంజన్లో పడకుండా గ్రీజుకే అంటుకుంది. ఆ కన్నంలో కొత్త మరలున్న బుష్ బిగించారు.

"ఏటైందండి?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"నేనే పానా పెట్టి అడ్డంగా బిగించేసేను," అన్నారు నాన్న.

మర్నాడు కారు ఆగకుండా విశాఖ చేరింది.

నాన్న పోయి మూడేళ్లు. ఇవాళ గ్రీజు చేతులతోనే అమ్మకి నిజం చెప్పాను. అమ్మ కొంగుతో నా చేతులు తుడిచింది.

"మీ నాన్న ఏళ్లతో తిప్పకుండా ఏనాడైనా పానా పెట్టేరేటే? నాకు ఆ రోజే తెలుసు."